అటక మీద తుపాకీ, గోడకు ఎయిర్‌గన్: డెల్టా ఇళ్లలో చట్టప్రకారం భద్రపరచడం ఎలా

2022 జూలై వరదకు మా పెద్దనాన్నగారి పెంకుటింట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. లంక గ్రామం కాబట్టి సామాను అటక ఎక్కించడం ఆ ఇంటివారికి అలవాటే. ఆ రోజు బియ్యం బస్తాలకు చోటు చేస్తుంటే వెనక మూలన గోనెపట్టాలో చుట్టిన రెండు గొట్టాల తుపాకీ బయటపడింది. పక్కనే తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఏడు తూటాలు. పెద్దనాన్నగారు పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. వరద తీశాక ఇంట్లో మూడు అభిప్రాయాలు వచ్చాయి. పెద్దమ్మ దాన్ని గోదావరిలో పారేయమన్నారు. అన్నయ్య పాత ఇనుము కింద ఇచ్చేద్దామన్నాడు. చిన్నవాడు శుభ్రం చేయించి చావడిలో గోడకు తగిలిద్దామన్నాడు. మూడూ తప్పే. మూడింటిలో ఏది చేసినా కేసు మా మెడకు చుట్టుకునేదని తర్వాత తెలిసింది.

సరైన దారి పట్టుకుని ఆ తుపాకీ సంగతి తేల్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత బంధువుల ఇళ్లలో మరో రెండు తుపాకుల విషయంలో అదే అనుభవం అక్కరకొచ్చింది. డెల్టాలో మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా కూలగొట్టి మేడలు కడుతున్నారు. కూలగొట్టిన ప్రతిచోటా అటక మీది వస్తువులు కిందికి దిగుతాయి. ఆ సమయంలో ఎవరికైనా పనికొస్తుందని ఇది వరుసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను: ముందు కాగితం, తర్వాతే బీరువా. తాళం ఎంత గట్టిదైనా, కాగితం లేని తుపాకీ ఇంట్లో ఉంటే అది నేరమే.

మొదటి అడుగు: మందు నిండి ఉందనే అనుకోండి

పాత తుపాకీ దొరకగానే అందరూ చేసే పని దాన్ని చేతిలోకి తీసుకుని గురి పెట్టడం, మీట నొక్కి చూడడం. దయచేసి ఆ పని చేయవద్దు. పిల్లలను అవతలి గదికి పంపండి. మూతి ఎవరి వైపూ లేకుండా, వేలు మీటకు తగలకుండా, ఉన్నచోటనే ఉంచండి.

మధ్యలో విరిచి తూటా పెట్టే తుపాకీ అయితే లోపల తూటా ఉందో లేదో తెరిస్తే కనిపిస్తుంది. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తెరవవద్దు. అసలు ప్రమాదం మూతి నుంచి మందు కూరే పాత తుపాకీతో. వేటకు వెళ్లి ఏమీ దొరకక, కూరిన మందుతోనే ఇంటికి తెచ్చి గోడకు తగిలించిన తుపాకులు ఎన్నో ఉంటాయి. తడి తగలని నల్ల తుపాకీమందు దశాబ్దాల తర్వాత కూడా అంటుకోగలదు. తెలిసినవారు దీన్ని ఒక కర్రతో పరీక్షిస్తారు. మూతికి ఎదురుగా నిలబడకుండా, పక్క నుంచి సన్నటి చెక్క కర్రను గొట్టంలోకి నెమ్మదిగా దింపి, ఆగినచోట మూతి దగ్గర గీత పెడతారు. అదే కర్రను గొట్టానికి బయట ఆనించి చూస్తే, కొన నిప్పు రంధ్రం వరకు రావాలి. నాలుగు వేళ్ల దూరంలోనే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టు. ఈ పరీక్ష అలవాటు ఉన్నవారికే వదిలేయండి. లోపల మందు ఉందని అనుమానం వస్తే గుచ్చడం, నీళ్లు పోసి ఎండలో పెట్టడం వంటివి చేయకుండా ఠాణాకు ఫోన్ చేయండి.

రెండో అడుగు: పాతది అన్నంత మాత్రాన మినహాయింపు రాదు

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఆయుధాల చట్టం, 1959లో 45వ సెక్షన్ ఉంది. వాడుకలో లేని పాత నమూనా ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి ఈ చట్టం వర్తించదని అందులో ఉంది. చాలామంది ఇంతవరకే చదివి ఊరుకుంటారు. ఆ వాక్యం అక్కడితో ఆగదు. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా ఉపయోగపడని స్థితిలో ఉండాలనే షరతు కూడా అందులోనే ఉంది. ప్రాణమంతా ఆ 'మరమ్మతు చేసినా' అన్న మాటలోనే ఉంది.

దీని అర్థం ఇలా తీసుకోండి. 1930లలో కొన్న రెండు గొట్టాల తుపాకీకి సుత్తి విరిగింది, స్ప్రింగు పోయింది. పేలదు నిజమే. కానీ పనిమంతుడు నాలుగు రోజుల్లో పేలేలా చేయగలడు. కనుక అది చట్టం దృష్టిలో తుపాకీయే, లైసెన్సు కావాలి. ఇంకో ఇంట్లో తాతల నాటి జామగీ (వత్తితో మందు అంటించే) తుపాకీ ఉంది. గొట్టం తుప్పుకు చిల్లులు పడింది, మందు గది పగిలింది, కొయ్య చెదలు తినేసింది. అది 45వ సెక్షన్ కిందికి రావడానికి ఆస్కారం ఉంది. అయితే ఆ మాట నిర్ణయించేది మీరూ నేనూ కాదు. కలెక్టరు కార్యాలయంలో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగానికి అర్జీ పెట్టి, పోలీసు ఆయుధ నిపుణుల చేత పరీక్ష చేయించమని కోరి, ఫలితాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చేవరకు దాన్ని మామూలు తుపాకీగానే భావించండి. గొట్టానికి మీరే రంధ్రం వేయించి 'ఇక పనికిరాదు' అని ప్రకటించుకోవద్దు. తుపాకీని మార్చడం, కుదించడం, బాగుచేయించడం కూడా చట్టం అనుమతితో ముడిపెట్టిన పనులే.

పరీక్షకు పంపేముందు గుర్తులు రాసి పెట్టుకోండి. గొట్టాల అడుగున, విరుపు దగ్గర నంబరు ఉంటుంది. బ్రిటన్‌లో చేసినవాటి మీద బర్మింగ్‌హామ్ లేదా లండన్ పరీక్షశాల ముద్రలు కనిపిస్తాయి. స్వదేశీ తుపాకులైతే ఈశాపూర్ కర్మాగారం పేరు ఉండవచ్చు. గొట్టం మీద పాము చర్మం లాంటి మెలికల చార ఉంటే అది ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి మెలిపెట్టి చుట్టిన పాత రకం. నల్ల తుపాకీమందు కాలానికి తగ్గట్టు చేసినది, నేటి తూటాల ఒత్తిడికి పగిలిపోవచ్చు. లైసెన్సు దొరికినా అటువంటిదాన్ని పేల్చవద్దు.

మినహాయింపు కాగితం వచ్చాక కూడా ఒక హద్దు ఉంది. నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువుల, కళాఖండాల చట్టం, 1972 పరిధిలోకి రావచ్చు. అటువంటిదాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయికి జ్ఞాపకంగా సూట్‌కేసులో పెట్టి పంపడం కుదరదు. పురావస్తువులను వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. ఇంట్లో ఉంచుకునే ఓపిక లేకపోతే రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాల లాంటి చోట తీసుకుంటారేమో అడగండి. నా మట్టుకు నాకు, చెదలు పట్టే గోడ కన్నా అదే మంచి చోటనిపిస్తుంది.

మూడో అడుగు: కాగితాల లెక్క తేల్చడం

పాత లైసెన్సు పుస్తకం కోసం భోషాణాలు, పట్టాదారు పాసుపుస్తకాల కట్టలు, దస్తావేజుల సంచులు వెతకండి. మాకు అది పంచాంగాల మధ్య దొరికింది. అందులో చివరి ముద్ర ఏ ఏడాదిదో, ఏ అధికారి వేశారో, తుపాకీ నంబరు, తూటాల పరిమితి ఎంతో చూడండి. పుస్తకంలో నంబరు, గొట్టం మీద నంబరు ఒకటేనా అన్నది అన్నింటికన్నా ముఖ్యం.

ఇక్కడ గోదావరి జిల్లాలవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కాకినాడ కలెక్టరేటు ముద్ర ఉన్న అమలాపురం ప్రాంతపు లైసెన్సు ఇప్పుడు అమలాపురం కేంద్రంగా ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అధికారి పరిధిలోకి వచ్చింది. ఏలూరులో ఇచ్చిన భీమవరం ప్రాంతపు లైసెన్సు ఇప్పుడు భీమవరంలో చూడాలి. పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే మాకు రెండు నెలలు పట్టింది. ఒక కార్యాలయంలో మా అర్జీ రెండుసార్లు కనిపించకుండా పోయింది. అప్పటి నుంచి ప్రతి అర్జీకి నకలు ఉంచుకుని, దాని మీద ముద్ర, తేదీ వేయించుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

లైసెన్సుదారు బతికి ఉన్నారా, గతించారా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. బతికి ఉంటే గడువు చూడండి. 2019 సవరణతో లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువుకు రెండు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోండి. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో ప్రత్యేక గుర్తింపు సంఖ్య లేని పాత పుస్తకం చెల్లదు కాబట్టి ఆ సంఖ్య ఉందో లేదో చూసుకోండి. అదే సవరణ ఒక మనిషికి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవాటికీ ఇదే హద్దు. మీకు ఇప్పటికే రెండు ఉంటే తాతగారి మూడోది మీ పేరు మీదకు రాదు.

గతించినవారి తుపాకీ అయితే వారసుల్లో ఒకరు కొత్తగా లైసెన్సు తెచ్చుకోవాలి. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. డెల్టా కుటుంబాల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు దుబాయిలో, ఒకరు డాలస్‌లో ఉంటారు కాబట్టి ఈ సంతకాల దగ్గరే కాలం గడిచిపోతుంది. లైసెన్సు తీసుకునేవారు 21 ఏళ్లు నిండి, ఆయుధాన్ని స్వయంగా చూసుకోగలిగేలా ఊళ్లో ఉండడం మంచిది. ఊళ్లో ఉన్న కూతురు ఉండగా, పేరు కోసం దేశం బయట ఉన్న కొడుకును ముందుకు తోయడం వృథా. మరో సంగతి చాలామందికి తెలియదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఏది ముందైతే అప్పుడు తన జీవితకాలంలోనే వారసుడిని సూచించవచ్చు. మా పెద్దనాన్నగారు ఈ పని చేసి ఉంటే ఆ ఎనిమిది నెలలు మాకు మిగిలేవి.

ఇదంతా తేలేవరకు తుపాకీ ఇంట్లో ఉండకూడదు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, గడువు తీరడం వంటి కారణాలతో కలిగి ఉండే హక్కు పోయిన ఆయుధాన్ని జాప్యం లేకుండా దగ్గరి పోలీసు ఠాణాలో గానీ, అనుమతి ఉన్న ఆయుధ వర్తకుడి దగ్గర గానీ జమ చేయాలి. మరణించినవారి వారసులకు నిర్ణీత కాలంలో దాన్ని తిరిగి పొందే హక్కు, అర్హులకు అమ్ముకునే హక్కు ఉంటాయి. ఆ కాలం దాటితే కలెక్టరు ఉత్తర్వుతో ప్రభుత్వపరం కావచ్చు. అందుకే జమ చేసి మరచిపోవద్దు.

పత్రాలు ఏవీ దొరకని తుపాకీని మాత్రం సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఠాణాకు తీసుకెళ్లవద్దు. దారిలో తనిఖీ జరిగితే మీ మంచి ఉద్దేశానికి సాక్ష్యం ఉండదు. ముందు న్యాయవాదితో మాట్లాడి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో రాసి, ఠాణా అధికారికి తెలియజేసి, వారినే వచ్చి తీసుకోమనండి. నంబరు, రకం, తూటాల లెక్క, తుపాకీ స్థితి రాసిన రసీదు తప్పక తీసుకోండి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. దొరికిన రోజే ముందుకు వచ్చిన కుటుంబానికీ, ఏడాది దాచి పట్టుబడిన కుటుంబానికీ తేడా ఉంటుంది.

కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు వైపు, కోరింగ మడ అడవుల చెంత తాళ్లరేవు వైపు ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 34వ సెక్షన్ అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు నివసించే ఆయుధ యజమానులు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దగ్గర నమోదు చేసుకోవాలంటుంది. లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్న ఆయుధాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ఆ అధికారి ముందస్తు అంగీకారం కావాలి.

నాలుగో అడుగు: బీరువా, తాళం, తూటాలు

లైసెన్సు దరఖాస్తుతో పాటు ఆయుధాన్ని భద్రంగా దాస్తానని ఎస్-2 అనే ఫారంలో హామీ రాసివ్వాలి. ఆయుధాల నిబంధనలు, 2016లో ఇది భాగం. కనుక ఇంట్లో ఎలా దాచారన్నది మీ ఇష్టాయిష్టాల విషయం కాదు, మీరు సంతకం పెట్టిన మాట. లైసెన్సు షరతును ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ కారణంతో లైసెన్సు పోవచ్చు.

గోడకు, నేలకు బోల్టులు బిగించిన ఉక్కు బీరువా వాడండి. దొంగలు బీరువాను బీరువాగానే ఎత్తుకుపోయిన సంఘటనలు మన పల్లెల్లో ఉన్నాయి. అద్దం ఉన్న షోకేసు అందంగా ఉంటుంది గానీ పనిచేసే తుపాకీకి అది తగదు. తుపాకీ ఖాళీగా ఉండాలి. రెండు గొట్టాల తుపాకీ గొట్టాలు, ముందు కొయ్య, మడమ (భుజానికి ఆనించే కొయ్య) అని మూడు భాగాలుగా సులువుగా విడిపోతుంది. ముందు కొయ్యను వేరే తాళం కింద పెడితే, బీరువా పగిలినా పూర్తి తుపాకీ ఎవరి చేతికీ చిక్కదు. నాకు తెలిసి ఖర్చులేని రక్షణల్లో ఇంతకు మించినది లేదు.

తూటాలు ఇంకో పెట్టెలో, ఇంకో తాళంతో ఉండాలి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం వరుసగా మూడు రోజులు దాడి చేసి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు తీసుకుంది. ఉత్త తుపాకులే దొరికి ఉంటే వాటితో పెద్దగా పని జరిగేది కాదు. అది స్వాతంత్ర్యం కోసం జరిగిన పోరు, మనింటికి వచ్చేవాడు దొంగ, అయినా లెక్క ఒకటే. పరిమితికి మించిన తూటాలు, కాలం చెల్లినవి, పచ్చతుప్పు పట్టినవి ఇంట్లో ఉంచవద్దు. పెరట్లో పాతిపెట్టడం, కాల్చడం, కాలువలో వేయడం కూడా వద్దు. లెక్క రాసి ఠాణాకు గానీ, వర్తకుడికి గానీ అప్పగించండి. నాటు తుపాకీకి వాడే నల్ల తుపాకీమందు, దాన్ని అంటించే చిన్న పేలుడు టోపీలు కూడా ఊరికే ఉంచుకోదగిన వస్తువులు కావు.

తాళంచెవి లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. పూజగదిలో దేవుడి పటం వెనక, బియ్యం డబ్బాలో, గడియారం మీద పెట్టిన చెవి ఇంట్లో అందరికీ తెలిసినట్టే. పిల్లలకైతే మరీ ముందుగా తెలుస్తుంది. లైసెన్సు ఒకరిదైతే తుపాకీ ఆ ఒకరిదే, కొడుకైనా అల్లుడైనా వాడకూడదు. దసరాకు ఆయుధ పూజలో పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో, లైసెన్సుదారు స్వయంగా ఖాళీ తుపాకీని తీసి, పూజ అయ్యేవరకు పక్కనే ఉండి, తిరిగి లోపల పెట్టి తాళం వేయాలి. రాత్రంతా పీట మీద వదిలేయకూడదు.

ఇల్లు మూసి కొన్ని నెలలు పిల్లల దగ్గరకు వెళుతుంటే, తాళం ఎంత మంచిదైనా తుపాకీని ఠాణాలో గానీ, అనుమతి ఉన్న వర్తకుడి దగ్గర గానీ అప్పగించి రసీదుతో వెళ్లండి. పోయిందని తెలిసిన క్షణమే ఠాణాలో ఫిర్యాదు చేయాలి. పరువు గురించి ఆలోచిస్తూ నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజుల్లో ఆ తుపాకీతో ఏం జరిగినా ప్రశ్న మీకే వస్తుంది.

ఐదో అడుగు: ఉప్పుగాలి, తేమ, కొబ్బరినూనె

డెల్టాలో తుపాకీకి దొంగ కన్నా పెద్ద శత్రువు గాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది. మన దగ్గర వానాకాలంలో అంతకు మించే ఉంటుంది, అంతర్వేది, ఓడలరేవు వైపైతే దానికి ఉప్పు తోడవుతుంది. బీరువాలో చిన్న తేమమాపకం పెట్టి 45 నుంచి 55 మధ్య ఉంచే ప్రయత్నం చేయండి. సిలికా జెల్ సంచులు చవక. రంగు మారే రకమైతే నీలం గులాబీ రంగుకు తిరగగానే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

మన ఇళ్లలో ఇనుప వస్తువుకు కొబ్బరినూనె రాయడం అలవాటు. కోనసీమలో అది చేతికి అందేంత దూరంలో ఉంటుంది కూడా. తుపాకీకి మాత్రం వద్దు. గింజల నూనెలు గాలికి ముక్కిపోయి ఆమ్లాన్ని పుట్టిస్తాయి, జిగురై మీటను, స్ప్రింగును పట్టేస్తాయి. ఖనిజ తైలం, అంటే తుపాకులకు వాడే పలుచటి నూనె, బట్టతో పొరగా రాస్తే చాలు. ఇత్తడి తొడుగులను చింతపండుతో తోమడం రెండో పొరపాటు. తళతళలాడుతుంది, కానీ నూరేళ్ల వన్నె, మీద చెక్కిన సన్నటి గీతలు దానితో పోతాయి. పురాతన వస్తువుకు ఆ వన్నెలోనే విలువ ఉంది. కొయ్యకు మటుకు అవిసె నూనె ఒక్క చుక్క అరచేతితో రుద్దవచ్చు.

తోలు సంచి, ముఖమల్ పెట్టె, గోనెపట్టా, ఉన్ని గుడ్డ తేమను పట్టి ఉంచుతాయి. మా తుపాకీ గోనెపట్టా ఆనినంత మేర గుంటలు పడింది. మూతిలో గుడ్డ కుక్కవద్దు. లోపలి తేమ బయటకు పోదు, పైగా మరచిపోయి పేలిస్తే గొట్టం పగులుతుంది. కొద్దిగా మూతి కిందికి వంచి నిలబెడితే నూనె కొయ్యలోకి దిగదు. చేతి చెమట కూడా ఉప్పే కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ తుడవండి. జూన్ నుంచి డిసెంబరు వరకు నెలకోసారి, మిగతా కాలంలో రెండు నెలలకోసారి చూస్తే సరిపోతుంది.

ఎయిర్‌గన్ సంగతి

చట్టంలో తుపాకీ నిర్వచనం పేలుడు మందుతో ఆగదు. మరే ఇతర శక్తితోనైనా గుండును విసిరే ఆయుధమంతా అందులోకి వస్తుంది. కాబట్టి గాలి ఒత్తిడితో పనిచేసేది బొమ్మ అనుకోవద్దు. అయితే మూతి దగ్గర శక్తి 20 జౌల్స్, గొట్టం వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు, ఈ రెండు హద్దుల్లో దేన్నీ దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదు. 0.22 రకం కొనే ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి.

హద్దు ఎక్కడుందో లెక్కకట్టి చూడవచ్చు. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే శక్తి 10 జౌల్స్. అదే గుండు 280 మీటర్ల వేగం అందుకుంటే 20కి దగ్గరవుతుంది. వేగం కాస్త పెరిగినా శక్తి దాని వర్గం లెక్కన ఎగబాకుతుంది. బలమైన స్ప్రింగు వేయించి 'పవరు పెంచే' పని మిమ్మల్ని తెలియకుండానే లైసెన్సు గీత దాటించేది ఇలాగే. కొన్న బిల్లు, దాని మీది నమూనా, శక్తి వివరాలు కాగితంగా ఉంచుకోండి. ఎవరైనా అడిగితే చూపించేది అదే.

ఈ తరహా ఎయిర్‌గన్‌కు లైసెన్సు లేదు కాబట్టి బీరువా హామీ కూడా లేదు. కానీ 10 జౌల్స్ కంటిని పోగొట్టడానికి చాలు. నిర్లక్ష్యంతో ఎవరికైనా గాయమైతే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్, ప్రాణం పోతే 106వ సెక్షన్ వర్తిస్తాయి. రెండో దానిలో ఐదేళ్ల వరకు జైలు ఉంది. అందుకే గుళ్లు వేరు, తుపాకీ వేరు తాళాల్లో పెట్టండి. స్ప్రింగు బిగించి ఉంచవద్దు, బలం పోతుంది, చేయి తగిలితే పేలుతుంది. గుండు లేకుండా పేల్చవద్దు. గుళ్లు సీసంతో చేసినవి కాబట్టి వంటింట్లో ఉంచవద్దు, ముట్టుకున్నాక చేతులు కడగండి.

చేపల, రొయ్యల చెరువుల గట్ల మీది కాపలా గుడిసెల్లో ఎయిర్‌గన్ ఉంచే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. కొంగలు, నీటికాకులు చేసే నష్టం నాకు తెలుసు, మాకూ చెరువులు ఉన్నాయి. అయినా అవి చట్టం కాపాడే పక్షులు. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదంటే పిట్టను కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ అనుమతి లేకుండా వెళ్లకూడదు, ఎయిర్‌గన్ కూడా అందులో భాగమే. పైగా తాళం లేని గుడిసెలో, జీతగాడు మారిన ప్రతిసారీ చేతులు మారే ఆయుధానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. చెరువు మీద వలకప్పు వేయండి, దారాలు కట్టండి. ఎయిర్‌గన్‌ను ఇంటికి తీసుకెళ్లి తాళం వేయండి.

ఇల్లు దాటే సందర్భాలు

తుపాకీతో బయటకు వెళ్లేటప్పుడు లైసెన్సు వెంట ఉండాలి, అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోవాలి. కాకినాడ నుంచి ముమ్మిడివరం వైపు వెళ్లే దారిలో తగిలే యానాం పుదుచ్చేరి పరిధి. మన రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సు అక్కడ చెల్లదు. ఊరు మనకు పక్కిల్లులా ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టదు.

జనం గుమిగూడే చోటికి, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకువెళ్లకూడదన్నది లైసెన్సు షరతే. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమైనా, మీ ఊరి జాతరైనా ఇంట్లోనే ఉంచండి. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి పేల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలను సమీక్షించి జమ చేయమంటారు. నోటీసు వస్తే జాప్యం చేయకండి. అప్పగించేటప్పుడు తుపాకీని నాలుగు వైపులా ఫొటో తీసుకుని, నూనె పూసి ఇవ్వండి. ఠాణా గదిలో నెలల తరబడి ఉంటుంది. ఫలితాల తర్వాత తిరిగి తెచ్చుకునేటప్పుడు రసీదు మీది నంబరుతో సరిచూసుకోండి.

చివరిగా వరద. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవారు బీరువాను 1986 నాటి నీటి గుర్తు కన్నా పైన, పై అంతస్తులో బిగించాలి. పై అంతస్తు లేకపోతే ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక వచ్చేలోపు ఠాణాకు ఫోన్ చేసి తుపాకీ జమ చేయండి. పునరావాస కేంద్రానికి తుపాకీతో వెళ్లవద్దు. లైసెన్సు పుస్తకాన్ని మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒంటి మీదే ఉంచుకోండి. నీటిలో మునిగిన తుపాకీ దొరికితే మంచినీళ్లతో బురద, ఉప్పు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పూసి, పనివాడికి చూపించేవరకు తూటా పెట్టకండి. మునిగిన తూటాలు ఎండినా వాడకూడదు, వాటిని లెక్కపెట్టి ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోండి.